పందేనికి ముందే గెలిచిన మోటారు

ఆ శనివారం పొద్దున్న వీరబ్రహ్మం గారు పెట్టుకున్న పనులు మూడే. తెల్లవారేసరికి పత్రిక కట్టల్ని రైలుకీ పడవకీ అందించడం, ఎనిమిది గంటలకి గోదావరి గట్టు మీద మోటారు పందెం చూడటం, పదకొండింటికల్లా ఇంటికొచ్చి భోజనం చేసి పడుకోవడం. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేకపోవడంతో ఆయన మనసంతా ఆ మూడో పని మీదే ఉంది.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. వీరబ్రహ్మం గారు ఆ ఊళ్ళో 'గౌతమీ వార్త' అనే వారపత్రిక నడిపేవారు. నడపడమంటే, రాసేది ఆయనే, సీసపు అక్షరాలు పేర్చేది ఆయనే, చేతిప్రెస్సు లాగేది ఆయనే. అచ్చుతప్పులు చూడటం మాత్రం భార్య రాజరాజేశ్వరి వంతు. పదకొండేళ్ళ చాకిరీలో ఆయన సంపాదించుకున్నది ఒక్క మాట. బ్రహ్మం గారి పేపర్లో పడిందంటే అది నిజమే అయ్యుంటుందని ఊరంతా అనేది. అలా అనేవాళ్ళలో చందా కట్టేవాళ్ళు మాత్రం నూట ఇరవై మంది దాటలేదు.

ఆ అంకె కదిలింది ఫ్రాన్సు దేశపు మోటారు పందెంతో. మద్రాసు ఇంగ్లీషు పేపర్లో వచ్చిన తంతివార్త ఒకటి, పేజీలో ఖాళీ మిగిలితే తెలుగు చేసి వేశారాయన. ఒక ఎర్ర మోటారు, ఒక నీలం మోటారు ఊళ్ళ మీదుగా గంటకి యాభై మైళ్ళు పరిగెడుతున్నాయని, చక్రం ఊడిపోయినా నీలం బండి దొర ఆగలేదని అందులో ఉంది. ఊళ్ళో అప్పటిదాకా మోటారు మొహం చూసినవాడు లేడు. అయినా వారం తిరిగేసరికి కోటగుమ్మం దగ్గర జనం ఎర్రబండి వాళ్ళు, నీలంబండి వాళ్ళు అని రెండుగా చీలిపోయారు. ప్లీడర్లందరూ ఎర్రబండి, బట్టల కొట్లవాళ్ళందరూ నీలంబండి. స్నానాల రేవులో ఇద్దరు పురోహితులు ఈ విషయం మీద మాటా మాటా అనుకుని ఒకరి చెంబు ఒకరు గోదాట్లోకి విసురుకున్నారు. చదువు రానివాళ్ళు కూడా చందా కట్టి, చదివి పెట్టే మనిషిని వెతుక్కున్నారు. పత్రిక నాలుగు వందల ఇళ్ళకి వెళ్ళడం మొదలైంది.

తర్వాత ఆ పందెం కాస్తా అయిపోయింది. ఎర్రబండి గెలిచింది. ఇంక వెయ్యడానికేమీ లేక వీరబ్రహ్మం గారు రెండు వారాలు కాలవల పూడిక గురించి, కలెక్టరు గారి మకాం గురించి వేశారు. జనం ఇంటికొచ్చి పందెం కబుర్లేవని అడగసాగారు. ఒకాయనైతే, ఆ దొరలకి మళ్ళీ పందెం పెట్టుకోమని మీరే ఒక ఉత్తరం రాయకూడదా అన్నాడు.

సరిగ్గా అప్పుడే కిరసనాయిలు వర్తకుడు గ్రంధి జోగేశ్వరరావు గారు మోటారు కొన్నారు. యానాంలో కాపురమున్న ఫ్రెంచి దొర ఒకాయన స్వదేశం వెళ్ళిపోతూ అమ్మేసిన బండి అది. పడవ మీద కాలవ లాకులు దాటుకుంటూ ధవళేశ్వరం మీదుగా రాజమండ్రి చేరింది. దాంతోపాటే దాన్ని నడిపే లోవరాజు కూడా వచ్చాడు. లోవరాజు యానాం జాలరి. పడవలో పుట్టి, చుక్కాని పట్టుకుని పెరిగాడు. దొరగారి పడవ నడపడానికి పనిలో చేరి, దొర మోటారు కొన్నాక అదీ నేర్చుకున్నాడు. దొర తన పాత టోపీ అతనికిచ్చి వెళ్ళాడు. నిద్రలో తప్ప అది అతని తల మీదే ఉండేది.

వీరబ్రహ్మం గారు వెళ్ళి జోగేశ్వరరావు శెట్టిగారిని పందేనికి ఒప్పించారు. ఇంకో మోటారు ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి రామచంద్రపురం వైపు భూస్వామి భీమరాజు గారి గిత్తల బండిని పోటీకి పిలిచారు. ఆ గిత్తలు ఆ చుట్టుపట్ల ఏ తీర్థపు పందెంలోనూ ఓడినవి కావు. రాజమండ్రి చివర నుంచి గోదావరి గట్టు మీద నాలుగు మైళ్ళు పరిగెత్తి ధవళేశ్వరం లాకుల దగ్గర ఆగాలి. మోటారు గెలుస్తుందని అందరికీ తెలుసు. భీమరాజు గారొక్కరే ఆ మాట ఒప్పుకోలేదు.

చిక్కల్లా రోజుతో వచ్చింది. శెట్టిగారి సిద్ధాంతి శనివారం ఉదయం తప్ప మంచి ఘడియ లేదన్నాడు. పత్రిక బయటికి వెళ్ళేది కూడా శనివారం ఉదయమే. చూసి రాస్తే వార్త ఎనిమిదో రోజుకి జనం చేతికి వస్తుంది. ఎనిమిది రోజులకి గోదావరి జిల్లా అంతా నోటి మాటగా తెలిసిపోతుంది. వీరబ్రహ్మం గారు గురువారమంతా ఆలోచించి, శుక్రవారం కూర్చుని, జరగబోయే పందేన్ని జరిగిపోయినట్టుగా రాసేశారు.

వాయువేగమున మోటారు శకటము ధవళేశ్వరము చేరెనని, జోగేశ్వరరావు శ్రేష్ఠిగారిని పురజనులు పూలమాలలతో ముంచెత్తిరని, భీమరాజు గారు విశాల హృదయముతో శ్రేష్ఠిగారి కరము గ్రహించి తమ అపజయమును అంగీకరించిరని రాశారు. అంతవరకూ ఆగినా బాగుండేది. కలం ఊపు మీదుండి, మోటారును గాంచిన ఒక వృద్ధ స్త్రీ మూర్ఛిల్లి, ముఖమున నీళ్ళు చల్లగా తేరుకొనెనని కూడా కలిపారు.

రాజరాజేశ్వరి అచ్చుతప్పులు చూస్తూ ఆ ముసలమ్మ దగ్గర ఆగింది.

"జరగకముందే జరిగిందని ఎలా వేస్తారండీ?"

"పంచాంగంలో గ్రహణం ముందే వేస్తారు కదా. దాన్ని అబద్ధమంటామా?"

"గ్రహణం పట్టించేది జోగేశ్వరరావు గారు కాదుగా" అని ఆవిడ కాగితం తిరిగి ఇచ్చేసింది. అచ్చుతప్పులు మాత్రం ఏమీ లేవంది.

శనివారం తెల్లవారకముందే వీరబ్రహ్మం గారు ఒక కట్ట మెయిలు రైలుకి, ఒక కట్ట రామచంద్రపురం పడవకి స్వయంగా అందించారు. రాజమండ్రి, ధవళేశ్వరం ప్రతులు మాత్రం అరుగు మీద పెట్టి గోనెపట్టా కప్పారు. వాటిని మధ్యాహ్నం పంచిపెట్టిద్దామని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం ఆయన ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళుగా పత్రిక పంచే తాతాజీ ఎప్పుడూ ఎండెక్కాక గానీ రాడు కాబట్టి చెప్పాల్సిన అవసరం కనబడలేదు. తాతాజీ కూడా మోటారు పందెం చూడాలనుకుంటాడని, అందుకని ఆ రోజు కోడి కూతకే వచ్చి ప్రతులన్నీ పట్టుకుపోతాడని ఆయనకి తట్టలేదు. రైలు స్టేషను నుంచి ఆయన తిన్నగా గట్టుకి వెళ్ళిపోయారు.

గట్టు మీద అంతమంది జనాన్ని ఆయన పుష్కరాల్లో తప్ప చూడలేదు. ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు, పడవలు మాట్లాడుకుని వచ్చినవాళ్ళు, చెట్లెక్కినవాళ్ళు. మధ్యలో మోటారు, ఇత్తడి దీపాలు తళతళలాడుతూ నిలబడి ఉంది. శెట్టిగారి తల్లి బుజ్జమ్మ గారు దాని నాలుగు చక్రాలకీ పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతున్నారు. గుర్రం లేని బండి ఎలా కదులుతుందా అని జనం వంగి వంగి కిందికి చూస్తున్నారు. వీరబ్రహ్మం గారి గుండె సంతోషంతో నిండింది. ఇదంతా తన పత్రిక చేసిన పని.

అప్పుడే చింతచెట్టు కింద ఎవరో గట్టిగా చదువుతున్న గొంతు వినబడింది. "భీమరాజు గారు విశాల హృదయముతో..."

వీరబ్రహ్మం గారు ఆ గొంతు కేసి తిరిగారు. చుట్టూ చూశారు. ఎక్కడ చూసినా 'గౌతమీ వార్తే'. చదివేవాళ్ళు చదువుతున్నారు, వినేవాళ్ళు వింటున్నారు. పొరుగూరి నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన ఒక ముసలాయన కంటనీరు పెట్టుకుని, పందెం అయిపోయిందట నాయనా, మనకి ప్రాప్తం లేదు అంటూ కొడుకు భుజం మీద చెయ్యి వేసుకుని వెనక్కి వెళ్ళిపోతున్నాడు. ఆయన ఎదురుగానే పందెం బండీ, మోటారూ కదలకుండా నిలబడి ఉన్నాయి.

భీమరాజు గారికి కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన ఆరడుగుల మనిషి, కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గిపోతుంది. వీరబ్రహ్మం గారి దగ్గరికి వచ్చినప్పుడు ఆ గొంతు దాదాపు వినబడలేదు.

"నేను ఓడిపోయి చెయ్యి కలిపానని వేశారటండి."

వీరబ్రహ్మం గారు ఉన్నదున్నట్టు చెప్పేశారు. పత్రిక వెళ్ళే రోజూ పందెం రోజూ ఒకటే అవడం, తను తొందరపడటం, అన్నీ. భీమరాజు గారు మొత్తం ఓపికగా విన్నారు.

"సరేనండి. ఇప్పుడు పరిగెడదాం. నేను గెలిచాక, ఇంత జనం ముందూ ఈ కాగితం మీరు నమిలి మింగాలి. సిరాతో సహా."

ఈ మాట జోగేశ్వరరావు గారి చెవిన కూడా పడింది. ఆయన ఏమాత్రం కంగారు పడకుండా, మీ కళ్ళతో మీరే చూసుకుందురు గానీ రండని వీరబ్రహ్మం గారిని చెయ్యి పట్టుకుని మోటారు వెనక సీట్లో కూర్చోబెట్టారు. తను పట్టు తలపాగాతో ముందు కూర్చున్నారు. లోవరాజు టోపీ సర్దుకుని, మోటారు ముందు నిలబడి ఇనప పిడి పట్టుకుని తిప్పసాగాడు. పది సార్లు తిప్పినా ఏమీ కాలేదు. పదకొండోసారి ఫిరంగి పేలినట్టు ఒక మోత మోగింది. వంతెన మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. చెట్లెక్కినవాళ్ళలో కొందరు దిగారు, కొందరు పడ్డారు.

భీమరాజు గారి గిత్తలు మాత్రం ఆ మోతని పందెం మొదలైందన్న గుర్తుగా తీసుకోలేదు. అవి తోకలెత్తి, బండిని గిర్రున వెనక్కి తిప్పుకుని, ధవళేశ్వరానికి సరిగ్గా వ్యతిరేకంగా రాజమండ్రి బజారు కేసి పరుగందుకున్నాయి. పగ్గాలు పట్టుకుని వెనక్కి వాలిపోయి నిలబడ్డ భీమరాజు గారు చూస్తుండగానే దుమ్ములో కలిసిపోయారు.

జోగేశ్వరరావు గారు వెనక్కి తిరిగి, పందెం మనదే అయిపోయినట్టే కదండీ అన్నారు. వీరబ్రహ్మం గారు కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నారు. కానీ మోటారు ముందుకు కదలాలంటే దారి ఉండాలి. దారి నిండా జనమే. ప్రతివాడికీ దాన్ని ఒకసారి ముట్టుకోవాలి. ఒకామె చంటిపిల్లని తీసుకొచ్చి దీపానికి తాకించి కళ్ళకద్దుకుంది. ఇంకొకరు ఎదురుగా కొబ్బరికాయ కొట్టారు. గంటకి యాభై మైళ్ళు వెళ్ళాల్సిన మోటారు పెళ్ళి ఊరేగింపు కన్నా నెమ్మదిగా, లోవరాజు బూరా పిసుకుతుండగా, రెండు ఫర్లాంగులు నడిచింది.

అక్కడ గట్టు కొంచెం సన్నబడుతుంది. ఎడమ వైపు నుంచి జనం ఒత్తుకొచ్చేసరికి బండి నది వైపుకి జరిగింది. దాన్ని మళ్ళీ ఎడమకి తేవాలి. పడవలో అయితే ఎడమకి రావాలంటే చుక్కాని కుడికి తొయ్యాలి. దొర దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నదంతా అంతమంది జనం ముందు ఎటు పోయిందో గానీ, లోవరాజు చేతులకి తాతల నాటి విద్యే గుర్తొచ్చింది. చక్రాన్ని బలంగా కుడికి తిప్పాడు.

మోటారు మాట వింది. పచ్చిక వాలు మీదుగా మెత్తగా దిగి, ఏమాత్రం తొందరపడకుండా గోదావరిలో ప్రవేశించి, నడుం లోతు నీళ్ళలో ఆగింది. బుస్సుమని ఒకసారి ఆవిరి చిమ్మి ఊరుకుంది. జోగేశ్వరరావు గారు ఒళ్ళోకి వస్తున్న నీళ్ళని చూస్తూ కూర్చుండిపోయారు. వీరబ్రహ్మం గారికి ఈత రాదు, లోతు ఎంతో తెలియదు. సీటు మీద నిలబడి దేవుళ్ళని తలుచుకున్నారు.

చాలాసేపటికి లోవరాజు టోపీ తీసి శెట్టిగారి వైపు తిరిగాడు. "చుక్కాని అనుకున్నానండి" అన్నాడు.

వాళ్ళని కాపాడింది పెద్దింట్లమ్మ. ఆవిడ లోవరాజు మేనత్త. మేనల్లుడు మోటారు నడుపుతుంటే చూడాలని యానాం నుంచి నలుగురు కొడుకుల్ని, రెండు పడవల్ని వెంటబెట్టుకుని ముందురోజే వచ్చి అక్కడే రేవులో దిగింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగిన మనిషి కావడంతో అవతలి ఒడ్డుకి కూడా వినబడే గొంతు ఆవిడది. రెండు పడవల్నీ పక్కపక్కన చేర్చి, పైన బల్లలు పరిచి పంటు కట్టించింది. గట్టు మీద ప్లీడర్లని, పురోహితుల్ని కూడా పేరుపెట్టి అరిచి నీళ్ళలోకి దింపింది. మోకులు లాగినవాళ్ళలో ఎర్రబండి వాళ్ళున్నారు, నీలంబండి వాళ్ళున్నారు. గంటసేపు కష్టపడి మోటారుని పంటు మీదికి ఎక్కించారు.

ఎక్కించాక తెలిసింది, ఆ ఏటవాలు గట్టు మీదికి దాన్ని మళ్ళీ తీసుకెళ్ళడం ఎవరి వల్లా కాదని. బరువులు దించడానికి వీలైన రేవు ధవళేశ్వరంలోనే ఉంది. "గాలి మనవైపే ఉంది, పోదాం పట్టండి" అని పెద్దింట్లమ్మ తెరచాప ఎత్తించింది. ఆ విధంగా మోటారు గోదావరి మీద ధవళేశ్వరం బయల్దేరింది. తడిసిన తలపాగా పిండుకుని మళ్ళీ చుట్టుకుని జోగేశ్వరరావు గారు ముందు సీట్లోనే కూర్చున్నారు. దిగి బల్లల మీద నిలబడితే ఇంకా చిన్నతనంగా ఉంటుందనిపించింది ఆయనకి. వీరబ్రహ్మం గారు వెనక సీట్లో కూర్చుని, రామచంద్రపురం పడవ ఈపాటికి ఎంత దూరం వెళ్ళి ఉంటుందో లెక్కేసుకుంటున్నారు. మెయిలు సామర్లకోట దాటి చాలాసేపై ఉంటుంది.

ధవళేశ్వరంలో రాజమండ్రికి సమానంగా జనం ఉన్నారు. వాళ్ళకి పొద్దున్నే తాతాజీ పత్రిక అందించి వెళ్ళాడు. బడిపంతులు జీవరాజు గారు దాన్ని అప్పటికి ఎనిమిదిసార్లు పైకి చదివి వినిపించారు. ఏ మలుపులో దుమ్ము లేస్తుందా అని గట్టు వైపు చూస్తున్న జనానికి నది వైపు నుంచి బూరా మోత వినబడింది. చూస్తే తెరచాప కింద మోటారు, దాని మీద కదలకుండా శెట్టిగారు.

జనం నిర్ఘాంతపోయారు. పంతులుగారు కూడా నిర్ఘాంతపోయారు గానీ, చదువుకున్నవారు కాబట్టి ముందుగా తేరుకున్నారు. పత్రిక మరోసారి విప్పి చూసి, "వాయువేగమున అని రాశారు కదండీ. వాయువంటే గాలి. గాలివాటున వచ్చింది, అంతే" అని వివరించారు. పోయిన పక్షం ఇదే మోటారు ఇలాగే పడవెక్కి తమ లాకుల మీదుగా వెళ్ళడం వాళ్ళందరూ చూసినదే. మోటారు వెళ్ళే పద్ధతి ఇదే కాబోలని అందరికీ కుదిరిపోయింది. పూలదండలు పడ్డాయి. డప్పులు మోగాయి. పత్రికలో ఉందని విని అప్పటికే సిద్ధంగా ఉన్న ముసలమ్మలు ముగ్గురు, మోటారు ఒడ్డుకి తగలగానే ఒకేసారి మూర్ఛపోయారు.

ఆ మూడో ముసలమ్మ మొహాన నీళ్ళు చల్లుతుండగా గట్టు మీద దుమ్ము లేచింది. భీమరాజు గారు. గిత్తలు ఆయన్ని బజారంతా తిప్పి, స్టేషను దగ్గర అలిసిపోయి ఆగితే, ఆయన వాటిని బుజ్జగించి, నీళ్ళు పట్టి, పందెం అంటే పందెమేనని మళ్ళీ మొదటికి తీసుకొచ్చి, అక్కడి నుంచి నాలుగు మైళ్ళూ ఎక్కడా ఆగకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా తోలుకొచ్చారు. అంతటి పరుగు ఆ గట్టు అంతకుముందు చూసి ఉండదు. అయితే ఆయన వచ్చేసరికి మోటారు లాకుల ముందు నిలబడి ఉంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. గెలిచి చాలాసేపై కడిగి కూడా పెట్టారని ఆయన అనుకున్నారు.

బండి దిగి, మీసాల మీద దుమ్ము తుడుచుకుని, తిన్నగా జోగేశ్వరరావు గారి దగ్గరికి నడిచారు. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఓడిపోయానండి. పేపర్లో పడ్డప్పుడే ఒప్పుకోవాల్సింది."

శెట్టిగారు ఏదో చెప్పబోయి, చుట్టూ జనాన్ని చూసి, మెడలో పూలదండ సర్దుకున్నారు. భీమరాజు గారు వీరబ్రహ్మం గారి వైపు తిరిగి, తొందరపడి అన్నమాట మనసులో పెట్టుకోవద్దని నమస్కారం చేశారు. వీరబ్రహ్మం గారు చేతులు జోడించి చుట్టూ చూశారు. తాను శుక్రవారం ఇంట్లో కూర్చుని కల్పించిన వాక్యాలు ఒక్కొక్కటే లేచి వచ్చి, వరస తప్పకుండా కళ్ళెదుట జరిగిపోయాయి. ఎక్కువైంది ఇద్దరు ముసలమ్మలే.

ఆయన పదకొండింటికి ఇంటికి చేరలేదు. పొద్దు వాలే వేళకి, తడి ఆరిపోయి బురద కట్టిన పంచెతో వచ్చారు. రాజరాజేశ్వరి అన్నం వడ్డించి, జరిగిందంతా విని, చివరికి మీరు రాసినట్టే అయింది కదా, ఇంకా ఎందుకలా ఉన్నారు అని అడిగింది. ఆయన అన్నం కలపడం ఆపారు. జరగని పందెం జరిగిందని వేశాను, ఊరంతా దాన్ని చూసొచ్చింది, రేపు నేనేం రాసినా ఇలాగే అవుతుందేమోనని భయంగా ఉంది అన్నారు. ఆవిడ మజ్జిగ పోసింది. మర్నాడు పొద్దున్న ఇద్దరూ కూర్చుని సవరణ రాశారు.

మరుసటి శనివారం 'గౌతమీ వార్త' మొదటి పేజీ నిండా ఆ నిజమే ఉంది. గతవారపు వార్త ముందుగా ఊహించి రాసినదని, మోటారు రెండు ఫర్లాంగులు నడిచి నదిలో పడిందని, జాలరుల పంటు మీద ధవళేశ్వరం చేరిందని, గట్టు మీద నాలుగు మైళ్ళు నిజంగా పరిగెత్తింది భీమరాజు గారి గిత్తలు మాత్రమేనని, ఏ వృద్ధ స్త్రీకీ నిజమైన మూర్ఛ రాలేదని వేసి, పాఠకుల క్షమాపణ కోరారు. పదకొండేళ్ళలో ఇంత నిజం ఒకేసారి వెయ్యలేదు. అది వేశాక వీరబ్రహ్మం గారు వారం తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయారు.

నిద్ర లేచేసరికి అరుగు మీద జనం ఉన్నారు. ముందు నిలబడ్డాయన ఒక ప్లీడరు. మోకు లాగి అరచేతులు ఒరుసుకుపోయినందుకు ఇంకా గుడ్డ కట్టుకుని ఉన్నాడు. మోటారు నదిలో పడటం తాను చూడలేదన్నాడు. మరి ఆ చేతులకేమైందని వీరబ్రహ్మం గారు అడిగితే, గట్టు మీద మోటారుతో పాటు పరిగెడుతూ పడ్డానన్నాడు. అంటున్నప్పుడు కళ్ళలో ఎక్కడా అబద్ధం లేదు. మూర్ఛపోయిన ముసలమ్మల తరఫున వాళ్ళ మనవలొచ్చారు. పత్రికలో రాసిన ఆ ఒక్కామె ముగ్గురిలో ఎవరన్నది వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటూ ఉండగా, ఇప్పుడసలు ఎవరూ మూర్ఛపోలేదంటే వాళ్ళ పరువేం కావాలన్నారు. జోగేశ్వరరావు గారు తాను రాలేదు, చందా మానేసినట్టు గుమాస్తాతో కబురు పంపారు.

భీమరాజు గారు స్వయంగా వచ్చారు. గొంతు అస్సలు వినబడటం లేదు. వీరబ్రహ్మం గారు దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"మోటారుతో ఓడిపోయానంటే మా వైపంతా గొప్పగా చెప్పుకున్నారండి. పిల్లల్ని తీసుకొచ్చి నా గిత్తల్ని చూపించారు. ఇప్పుడు పడవతో ఓడిపోయానని వేశారు."

వీరబ్రహ్మం గారు, మీరు ఓడిపోలేదండి, నేను రాసింది అదే కదా, పరిగెత్తింది మీరొక్కరే అని చెప్పబోయారు. ఒక్కడే పరిగెత్తి కూడా రెండోవాడిగా వచ్చినవాణ్ణని లోకానికంతా చెప్పక్కర్లేదని భీమరాజు గారు వెళ్ళిపోయారు.

ఆ సవరణకి సంతోషించిన మనిషి ఒక్కతే. పెద్దింట్లమ్మకి చదువు రాదు. ఎవరిచేతో చదివించుకుని, తన పంటు భీమరాజు గారి గిత్తల కన్నా ముందు చేరిందని అచ్చులో పడినందుకు, యానాం నుంచి పెద్ద పండుగప్ప చేపని తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. మాంసం, చేప ఎరగని ఆ ఇంటి గుమ్మంలో దాన్ని ఆప్యాయంగా రాజరాజేశ్వరి చేతుల్లో పెట్టింది. రాజరాజేశ్వరి నిలువునా బిగుసుకుపోయింది. అయినా కాదనలేదు. ఆ వారంలో తమ గడప దగ్గరికి వచ్చి మంచిమాట అన్నది ఆవిడొక్కతే మరి. పెద్దింట్లమ్మ వీధి మలుపు తిరిగేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత పక్కింటి వాళ్ళకిచ్చింది.

నెల తిరిగేసరికి చందాదారులు మళ్ళీ నూట ఇరవైకి వచ్చారు. అదే సమయంలో కాకినాడ నుంచి వెలువడే ఒక వారపత్రిక ఎవరో తెచ్చి చూపించారు. ఆ పత్రిక మోటారు పందెం వార్తని వీరబ్రహ్మం గారి మొదటి సంచిక నుంచి ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి వేసుకుంది. కింద మాత్రం 'మా విలేఖరి స్వయముగా గాంచినది' అని ఉంది. దాని పక్కనే ఒక సంపాదకీయం. ఘటనాస్థలమున కాలు మోపక, ఇంట కూర్చుండి మోటారు నదిలో పడినదని వ్రాయు సంపాదకులు కూడా మన గోదావరి సీమలో నుండుట శోచనీయమని అందులో రాశారు.